రొమ్ములో గడ్డ: ఏ ఆలస్యం ప్రమాదం, ఏది కాదు

స్నానం చేస్తుంటేనో, పక్క మీద ఒత్తిగిలి పడుకున్నప్పుడో చేతికి గట్టిగా ఏదో తగులుతుంది. నిన్నటిదాకా లేనిది, లేదా ఉన్నా గమనించనిది. ఆ రోజు నుంచి "ఇది ఫలానా" అని కాగితం మీద తేలేదాకా గడిచే కాలాన్నంతా ఒకే టెన్షన్‌గా చూడటం అలవాటు. అందులో రెండు భాగాలున్నాయి. గడ్డ సంగతి ఇంకొకరికి చెప్పి, డాక్టరు దగ్గరికి వెళ్లేదాకా గడిచేది మొదటిది. డాక్టరు చూసిన రోజు నుంచి బయాప్సీ, అంటే ముక్క పరీక్ష, రిపోర్టు చేతికొచ్చేదాకా గడిచేది రెండోది. రెండోది చాలామందికి రెండు మూడు వారాల్లో తెమిలిపోతుంది. కానీ ఆ రోజుల్లో అన్నం సయించదు, నిద్ర పట్టదు, ఫోను మోగితే గుండె ఝల్లుమంటుంది. మొదటిది నెలల తరబడి సాగుతుంది, ఒక్కోసారి ఏడాది కూడా దాటుతుంది. అయినా వంట, పొలం, ఆఫీసు, పిల్లల బడి అన్నీ మామూలుగానే నడిచిపోతుంటాయి. ప్రాణం మీదికి తెచ్చేది ఈ మొదటి భాగమే.

1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక పెద్ద సమీక్ష ఈ సంగతిని లెక్కలతో చూపించింది. లక్షణం కనిపించాక చికిత్స మొదలవడానికి మూడు నెలలో అంతకన్నా ఎక్కువో పట్టిన స్త్రీలలో, ఐదేళ్ల తర్వాత బతికి ఉన్నవారు నూటికి 12 మంది చొప్పున తగ్గారు. త్వరగా చికిత్స అందినవారితో పోల్చి వేసిన లెక్క ఇది. మూడు నెలలు అన్న గీత ఎక్కడుందో గమనిస్తే సగం భయం సరైన చోటికి చేరుతుంది. రొమ్ము క్యాన్సర్ కణితి పరిమాణం రెట్టింపు కావడానికి సాధారణంగా నెలలు పడుతుంది. కొన్ని రకాలు ఇంకా వేగంగా పెరుగుతాయి, నిజమే. అయినా చేతికి తగిలేంత అయ్యేసరికే అది ఒంట్లో చేరి చాలావరకు ఏళ్లు గడిచి ఉంటాయి. కాబట్టి ముక్క పరీక్షకు వెళ్లి ల్యాబ్‌లో ఉన్న పది రోజుల్లో కొంప మునిగేది లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో మొదలుపెట్టిన రొమ్ము క్యాన్సర్ కార్యక్రమం, రోగి మొదటిసారి వైద్యుల దగ్గరికి వచ్చిన 60 రోజుల్లోగా రోగ నిర్ధారణ పూర్తవాలని లక్ష్యం పెట్టింది. ఇంగ్లండ్‌లో ఏళ్ల తరబడి ఉన్న "రెండు వారాల్లో స్పెషలిస్టు చూడాలి" అన్న నియమం స్థానంలో 2023 నుంచి 28 రోజుల్లోగా అవునో కాదో తేల్చి చెప్పాలన్న నియమం నడుస్తోంది. ఇవి ఆసుపత్రులకు పెట్టిన గడువులు. ఇంట్లో కూర్చుని రెండు నెలలు చూద్దాంలే అనుకోవడానికి ఇచ్చిన వెసులుబాటు అనుకుంటే పొరపాటు.

మన దేశంలో 2022లో సుమారు 1.92 లక్షల మందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చిందని, 98 వేల మందికి పైగా దానివల్ల చనిపోయారని ప్రపంచ దేశాల క్యాన్సర్ లెక్కలు కట్టే గ్లోబోకాన్ అంచనా. క్యాన్సర్ రిజిస్ట్రీ లెక్కల్లో హైదరాబాద్ దేశంలోనే ముందు వరుసలో ఉంటోంది. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన స్త్రీలకు ఇది దాదాపు పదేళ్లు ముందుగా వస్తోంది, ఆసుపత్రికి మాత్రం ఆలస్యంగా వస్తున్నారు. ఈ రెండూ కలిసి చేసే నష్టంలో పెద్ద వాటా ఇంటి గడప లోపలే జరుగుతుంది.

నొప్పి లేదుగా, ఏం కాదులే

ఈ ఒక్క మాట ఎన్ని నెలలు మింగిందో లెక్క లేదు. మన ఇళ్లలో రోగానికి కొలబద్ద నొప్పి. నొప్పి లేకుండా పని చేసుకోగలిగితే మనిషి బాగున్నట్టే. రొమ్ము విషయంలో ఈ కొలబద్ద సరిగ్గా తలకిందులుగా పనిచేస్తుంది. క్యాన్సర్ గడ్డల్లో ఎక్కువ భాగం మొదట్లో నొప్పి పెట్టవు. నెలసరికి ముందు బరువెక్కి, సలిపి, తర్వాత మెత్తబడే గడ్డలు చాలావరకు హార్మోన్ల హెచ్చుతగ్గుల వల్ల వచ్చేవే. అలాగని నొప్పి ఉంది కాబట్టి భయం లేదనీ అనుకోకూడదు, కొద్దిమందికి నొప్పితోనే బయటపడుతుంది. నొప్పిని పక్కన పెట్టి, ఒక నెలసరి దాటాక కూడా గడ్డ అక్కడే ఉందా అన్నది చూసుకోవాలి. ముట్లుడిగిన వయసులో అయితే ఆ నెల కూడా ఆగనక్కర్లేదు. గడ్డ లేకుండా కూడా చనుమొన లోపలికి లాక్కుపోవడం, రక్తం కలిసిన స్రావం, చర్మం గుంట పడటం, చంకలో కణితి కనిపిస్తే అదీ ఇంతే తొందరగా చూపించుకోవాల్సిన విషయమే.

"వేడి చేసింది" అన్నది ఇంకో మాట. దాని వెనకే ఆకు పసరు, పట్టు, ఆర్ఎంపీ రాసిచ్చిన యాంటీబయాటిక్ గోలీలు వస్తాయి. హోమియో మందుతో గడ్డ కరిగిపోతుందన్న నమ్మకం చదువుకున్న ఇళ్లలోనూ గట్టిగా ఉంది. చాలా గడ్డలు వాటంతట అవే తగ్గేవి, లేదా ఏమీ చేయనివి. అందుకే ఈ మందులకు మంచి పేరు వస్తుంది. మిగతావాటిని తగ్గించలేవు సరికదా, ఆరు నెలలు తినేసి చేతులెత్తేస్తాయి. పాలిచ్చే తల్లుల్లో "పాల గడ్డ" అన్న పేరు ఇదే పని చేస్తుంది. నిజంగా పాలు గడ్డకట్టినదైతే పాలు తీసేశాక, కాపడం పెట్టాక కొద్ది రోజుల్లో తగ్గుతుంది. రెండు వారాలు దాటినా అలాగే ఉంటే అల్ట్రాసౌండ్ చేయించాలి. దానివల్ల తల్లికి గానీ బిడ్డకు గానీ హాని లేదు, గర్భంతో ఉన్నప్పుడు కూడా చేయించుకోవచ్చు.

వీటన్నిటి కంటే మొండిది సిగ్గు. ఊళ్లో ఉన్నది మగ డాక్టరు. సొంత అక్కకు చెప్పుకోవడానికే నోరు రాదు, పరాయి మగవాడి ముందు రవిక ఎలా విప్పుతారు? భర్తకు చెబితే ముందు ఖర్చు గుర్తొస్తుంది, తర్వాత తోడు ఎవరు వెళ్లాలన్న ప్రశ్న వస్తుంది. నాట్ల రోజులు, పిల్లల పదో తరగతి పరీక్షలు, ఇంట్లో శుభకార్యం ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. "పెళ్లి అయిపోనీ, తర్వాత చూపించుకుంటా" అన్న తల్లులు ప్రతి క్యాన్సర్ డాక్టరుకూ ఎదురవుతారు. ఆ పెళ్లి కూతురిదైతే దాపరికం రెట్టింపవుతుంది. "ఆ ఇంట్లో క్యాన్సర్ ఉందట" అన్న మాట పుడితే సంబంధం చెడిపోతుందని భయం. నిజానికి తల్లిదండ్రుల నుంచి వచ్చిన జన్యు మార్పు వల్ల కలిగే రొమ్ము క్యాన్సర్లు నూటికి ఐదు నుంచి పది మాత్రమే. ఒకవేళ ఆ కొద్దిలో తల్లి ఉంటే, ఏ వయసులో వచ్చిందన్న సమాచారం అందరి కంటే ఎక్కువ అవసరమయ్యేది ఆ కూతురికే.

దీనికి పూర్తిగా ఎదురు దిశలో నడిచిన ఒక ఉదాహరణ అందరికీ తెలిసిందే. తెలుగు సినిమాల్లో నటించిన హంసా నందిని 2021 డిసెంబర్‌లో తన రొమ్ము క్యాన్సర్ గురించి స్వయంగా బయటపెట్టారు. చిన్న గడ్డ చేతికి తగిలిన కొద్ది గంటల్లోనే మామోగ్రఫీ (రొమ్ము ఎక్స్‌రే) క్లినిక్‌కు వెళ్లానని ఆమె రాశారు. వాళ్లమ్మ క్యాన్సర్‌తోనే పోయారు. తర్వాత చేసిన పరీక్షలో ఆమెకు రొమ్ము క్యాన్సర్ ముప్పును పెంచే బీఆర్‌సీఏ1 జన్యు మార్పు ఉందని తేలింది. ఇంట్లో ఒకరికి వచ్చిన సంగతి తెలిసి ఉండటం ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఇంతకంటే వివరణ అక్కర్లేదు.

ప్రభుత్వ కార్యక్రమం ప్రకారం 30 ఏళ్లు దాటిన స్త్రీలకు ఐదేళ్లకోసారి శిక్షణ పొందిన ఏఎన్ఎం లాంటి మహిళా సిబ్బంది చేత్తో రొమ్ము పరీక్ష చేయాలి. ఇది ఎంతమందికి నిజంగా జరుగుతోందన్నది ఊరిని బట్టి ఉంటుంది. పద్ధతి మాత్రం ఉత్తుత్తిది కాదు. ముంబైలో టాటా మెమోరియల్ ఆసుపత్రి 1998లో మొదలుపెట్టి, దాదాపు లక్షన్నర మంది స్త్రీలను ఇరవై ఏళ్లు గమనించిన అధ్యయనం 2021లో వెలువడింది. శిక్షణ ఇచ్చిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో పరీక్ష చేస్తే, 50 ఏళ్లు దాటినవారిలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకంటే చిన్న వయసువారిలో మరణాల్లో తేడా కనబడలేదు. ఊళ్లో మగ డాక్టరు మాత్రమే ఉన్నచోట, మొదటిసారి చెప్పుకోవడానికి ఏఎన్ఎం కంటే దగ్గరి మనిషి దొరకదు.

నెలనెలా అద్దం ముందు నిలబడి ఒక పద్ధతి ప్రకారం తడుముకోవాలన్న పాత సలహా మాత్రం బలం కోల్పోయింది. షాంఘైలో 2.66 లక్షల మంది బట్టల మిల్లు కార్మికురాళ్లపై జరిగిన అధ్యయనంలో, 2002లో వచ్చిన తుది ఫలితం ప్రకారం, అలా నేర్పినందువల్ల మరణాలు తగ్గలేదు, అనవసరపు బయాప్సీలు పెరిగాయి. ఇప్పుడు చెప్పేది తేలిక. తన ఒళ్లు మామూలుగా ఎలా ఉంటుందో తెలిసి ఉండటం, తేడా కనిపిస్తే చెప్పడం.

అన్ని గడ్డలూ ఒకటి కావు

ఇరవైల్లో ఉన్న అమ్మాయికి వేలి కింద జారిపోతూ, గుండ్రంగా, గట్టిగా తగిలేది చాలావరకు ఫైబ్రోఎడినోమా. క్యాన్సర్‌తో సంబంధం లేదు, చాలాసార్లు తీయాల్సిన పనీ లేదు. నలభైల్లో నీటి తిత్తులు ఎక్కువ, సూదితో నీరు లాగేస్తే గడ్డే మాయమవుతుంది. దెబ్బ తగిలిన చోట కొవ్వు గట్టిపడి గడ్డ కట్టవచ్చు. మన దేశంలో రొమ్ముకు క్షయ సోకడం కూడా ఉంది, చూడటానికి అచ్చం క్యాన్సర్‌లాగే ఉండి కంగారు పెడుతుంది. మగవాళ్లకు రాదనుకోవడమూ సరికాదు, మొత్తం రొమ్ము క్యాన్సర్లలో ఒక శాతం దాకా మగవాళ్లవే.

"పది గడ్డల్లో తొమ్మిది క్యాన్సర్ కావు" అని తరచూ వినిపిస్తుంది. చిన్న తేడాకే క్లినిక్‌కు వెళ్లే దేశాల నుంచి వచ్చిన లెక్క అది. ముదిరాక వచ్చే రోగులు ఎక్కువగా ఉన్న ఆసుపత్రిలో ఆ నిష్పత్తి అలా ఉండదు. వయసును బట్టి కూడా మారుతుంది, పాతికేళ్ల అమ్మాయి గడ్డా అరవయ్యేళ్ల ఆవిడ గడ్డా ఒకే లెక్కలోకి రావు. ఆ మాట పరీక్షకు వెళ్లే ధైర్యం ఇస్తే మంచిదే. వెళ్లకపోవడానికి సాకైతేనే చిక్కు.

ఆసుపత్రిలో ఏం జరుగుతుంది, రిపోర్టుకు అన్ని రోజులు ఎందుకు

గడ్డ ఏమిటో తేల్చడానికి మూడు పరీక్షలు కలిపి చూస్తారు. డాక్టరు చేత్తో చూడటం, స్కానింగ్, సూదితో కణాలో ముక్కో తీసి సూక్ష్మదర్శిని కింద చూడటం. మూడూ ఒకే మాట చెబితే తప్పు జరిగే అవకాశం నూటికి ఒకటి కూడా ఉండదు. ఏ ఒక్కటి మిగతావాటితో విభేదించినా మళ్లీ చూస్తారు. ఇంట్లోవాళ్లు "ఎన్నిసార్లు తిప్పుతారు" అని విసుక్కునేది సరిగ్గా ఇక్కడే. ఖచ్చితత్వం పుట్టేదీ ఈ తిప్పటలోనే.

ముప్పై అయిదేళ్ల లోపువారికి ముందు అల్ట్రాసౌండ్ చేస్తారు. ఆ వయసులో రొమ్ము కణజాలం దట్టంగా ఉండి మామోగ్రామ్‌లో అంతా తెల్లగా కనిపిస్తుంది, గడ్డ దాంట్లో కలిసిపోతుంది. స్కానింగ్ రిపోర్టు చివర బైరాడ్స్ అని ఒక అంకె ఉంటుంది. కారిడార్‌లోనే కవరు చించి ఆ అంకెను గూగుల్‌లో వెతకడం ఇప్పుడు మామూలైపోయింది, అందుకే దాని సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. సున్నా అంటే ఏమీ లేదని కాదు, ఇంకో పరీక్ష లేకుండా చెప్పలేమని. ఒకటి, రెండు అంటే నిశ్చింత. మూడు అంటే క్యాన్సర్ అయ్యే వీలు నూటికి రెండు లోపే, ఆరు నెలలకు మళ్లీ చూస్తారు. ఐదు అంటే 95 శాతం పైన అనుమానం. అన్నిటికంటే ఎక్కువ నిద్ర చెడగొట్టేది నాలుగు. "ఐదుకు ఒక మెట్టు కింద" అని అర్థం చేసుకుంటారు కాబట్టి. నిజానికి ఆ ఒక్క గదిలో 2 శాతం నుంచి 95 శాతం దాకా అన్నీ ఇమిడి ఉన్నాయి. అందుకే దాన్ని మూడుగా విడగొట్టారు: 4ఏ అయితే పది శాతం లోపు, 4బీ అయితే పది నుంచి యాభై, 4సీ అయితే యాభై పైన. రిపోర్టులో ఉత్త 4 అని ఉంటే ఇందులో ఏది అని డాక్టరును అడగవచ్చు. 4ఏ అని తెలిసిన మనిషికీ, నాలుగో నంబరు అని మాత్రమే తెలిసిన మనిషికీ ఆ వారం ఒకేలా గడవదు.

తర్వాత సూది. ఇక్కడ మన దగ్గర పాతుకుపోయిన భయం ఒకటుంది: సూది గుచ్చితే, కత్తి తగిలితే, గాలి సోకితే క్యాన్సర్ ఒళ్లంతా పాకిపోతుందని. ఆలస్యంగా వచ్చిన రోగికి అప్పటికే పాకి ఉంటుంది. బయాప్సీ అయ్యాక అది బయటపడుతుంది. చూసినవాళ్లు సూదిని దోషిని చేస్తారు. సూది దారిలో కొన్ని కణాలు మిగలడం అరుదుగా జరుగుతుంది, కానీ దానివల్ల రోగుల ఆయుష్షు తగ్గినట్టు ఆధారాలు లేవు. ఎదురుగా ఉన్న ప్రమాదం ఇంకోటి. ముక్క పరీక్ష చేయకుండానే "ముందు గడ్డ తీసేద్దాం" అని చిన్న ఊళ్ల నర్సింగ్ హోముల్లో ఆపరేషన్ చేసేయడం. అది క్యాన్సర్ అని తర్వాత తేలితే, అంచులు వదిలేసిన ఆపరేషన్‌ను మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వస్తుంది. ఒకవేళ తీసేస్తే గనుక, తీసిన గడ్డను పరీక్షకు పంపారా అని అడిగి తీరాలి.

సన్న సూది పరీక్ష, అంటే ఎఫ్ఎన్ఏసీ, ఫలితం ఒకటి రెండు రోజుల్లో వచ్చేస్తుంది. అది విడి కణాలను మాత్రమే చూపిస్తుంది. క్యాన్సర్ పాల నాళాల లోపలే ఉందా, గోడ దాటిందా అన్నది అందులో తెలియదు. అందుకే పెద్ద ఆసుపత్రులు కోర్ బయాప్సీ అడుగుతాయి. అప్పటికే సూది పరీక్ష అయినవారికి ఇది డబ్బు కోసం మళ్లీ చేస్తున్నట్టు అనిపిస్తుంది. రెండూ వేరు. కోర్ బయాప్సీలో మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, స్కానింగ్‌లో చూస్తూ, సన్నని కణజాలపు పోగుల్లాంటి ముక్కలు కొన్ని తీస్తారు. ప్రతి ముక్కకూ పరికరం టప్‌మని చప్పుడు చేస్తుంది. ముందే చెప్పకపోతే ఆ చప్పుడుకే ఉలిక్కిపడతారు.

ముక్క తీశాక, అది చెడిపోకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవం ఉన్న సీసాలో వేస్తారు. కనీసం 6 గంటలు, మించితే 72 గంటలు అందులో ఉండాలన్నది ప్రమాణం. తక్కువైతే కణజాలం సరిగా నిలవదు, ఎక్కువైతే తర్వాతి పరీక్షలు తప్పు చూపవచ్చు. ఆ తర్వాత అందులోని నీటిని ఆల్కహాల్‌తో తీసేసి, కరిగించిన మైనం ఎక్కించి దిమ్మలా చేస్తారు. ల్యాబ్ వాళ్లు దాన్ని బ్లాక్ అంటారు. దాన్నుంచి వెంట్రుక మందంలో దాదాపు ఇరవయ్యో వంతుండే పొరలు కోసి, గాజు పలక మీద పరిచి, రంగులు వేస్తారు. అప్పుడు పాథాలజిస్టు, అంటే కణజాలాన్ని చూసి రోగం తేల్చే డాక్టరు, చూడటం మొదలవుతుంది. ఇందులో ఏ మెట్టునూ డబ్బిచ్చి గానీ సిఫార్సు చేయించి గానీ దాటలేరు. నడుమ ఆదివారం, పండగ సెలవు కలిస్తే అంతే సంగతులు.

రంగులతో తేలనప్పుడు ఐహెచ్‌సీ అనే మరో పరీక్ష పెడతారు. క్యాన్సర్ అని తేలినవారికి ఈఆర్, పీఆర్, హెర్2 అనే మూడు గుర్తులు చూడటానికి ఇది తప్పనిసరి, మందులు ఎంచుకునేది వాటిని బట్టే. హెర్2 ఫలితం 2 ప్లస్ వస్తే అటో ఇటో చెప్పలేమని అర్థం, అప్పుడు ఫిష్ అనే ఇంకో పరీక్షకు బ్లాక్‌ను పెద్ద ల్యాబ్‌కు పంపుతారు, ఇంకో వారమో పది రోజులో పోతాయి. క్యాన్సర్ కాదని గట్టిగా చెప్పడానికి కూడా కొన్నిసార్లు ఐహెచ్‌సీయే కావాలి. అంటే రిపోర్టు ఆలస్యమైందంటే చెడ్డ వార్తేనన్న లెక్క నిలవదు. నర్సు ముఖం అదోలా ఉంది, డాక్టరు ఫోన్లో చెప్పలేదు, మనిషిని వెంట తీసుకురమ్మన్నారు అంటూ జాతకం చూసినట్టు అర్థాలు తీయడం కూడా ఇలాంటిదే. చాలా ఆసుపత్రులు మంచి వార్తనైనా ఫోన్లో చెప్పవు.

ఈ పరీక్షలు ఎక్కడ చేయించుకుంటారన్నదాన్ని బట్టి నిరీక్షణ రూపం మారుతుంది. ప్రైవేటులో ఒకే పూట స్కానింగ్, బయాప్సీ అయిపోవచ్చు, బిల్లు జేబులోంచి పోతుంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ప్రధానంగా రోగం తేలాక చేసే ఆపరేషన్, కీమో, రేడియేషన్‌లకు ఆసరా. తేలకముందు తిరిగే తిరుగుళ్ల ఖర్చు చాలావరకు ఇంటిదే. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలోని నాట్కో క్యాన్సర్ సెంటర్ లాంటిచోట్ల ఖర్చు బాగా తక్కువ, కానీ రద్దీ ఎక్కువ. ఆదిలాబాద్ నుంచి వచ్చినవారికి స్కానింగ్‌కు ఒక రోజు, సూదికి ఇంకో రోజు, రిపోర్టుకు మరో రోజు అంటే మూడు ప్రయాణాలు, మూడు రోజుల కూలి. సగంలో ఆగిపోయేవారు ఎక్కువగా ఇక్కడే ఆగిపోతారు. రిపోర్టు ఎప్పుడు వస్తుందో తేదీ అడిగి చీటీ మీద రాయించుకోవడం, బయల్దేరేముందు ఫోన్ చేసి వచ్చిందో లేదో కనుక్కోవడం చిన్న పనులే గానీ ఒక ప్రయాణం మిగుల్చుతాయి.

రిపోర్టు రాని రోజులు

ఈ రోజుల్లో పడే బాధను "అనవసరంగా కంగారు పడుతోంది" అని ఇంట్లోవాళ్లు తేలిగ్గా తీసిపారేస్తారు. 2009లో రేడియాలజీ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ఆ మాటను ఒప్పుకోదు. బయాప్సీ అయిన 126 మంది స్త్రీల లాలాజలంలో ఐదు రోజుల పాటు కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్‌ను కొలిచారు. ఫలితం ఇంకా తెలియనివారి శరీరాలు, క్యాన్సర్ అని తెలిసినవారి శరీరాలతో దాదాపు సమానంగా స్పందించాయి. ఏమీ లేదని తెలిసినవారికే ఆ భారం దిగింది. ఏదీ తేలకుండా ఉండటమే ఒంటికి ఒక దెబ్బ.

నిరీక్షణ మీద కాలిఫోర్నియాలో ఏళ్ల తరబడి పనిచేసిన కేట్ స్వీనీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త లాయర్ల పరీక్ష రాసి ఫలితాల కోసం చూస్తున్నవారిని గమనించారు. ఆందోళన మొదట్లోనూ, ఫలితం రేపనగానూ ఎక్కువగా ఉండి, నడుమ తగ్గింది. మంచే జరుగుతుందని సర్దిచెప్పుకోవడం, చెడుకు ముందే సిద్ధపడటం లాంటి ఉపాయాలేవీ పెద్దగా బాధను తగ్గించలేదు. మనసు పూర్తిగా లీనమయ్యే పని దొరికినవారికి మాత్రం ఆ కాలం కొంత తేలిగ్గా గడిచింది. "ధైర్యంగా ఉండు" అని పదిమంది పదిసార్లు చెప్పడం కంటే, కుట్టు మిషనో, తోటో, ఆఫీసు లెక్కలో ఆమె చేతిలో ఉండనివ్వడమే నయం. ఇంటి పనంతా ఆమె నెత్తినే ఉంచమని దీని అర్థం కాదని వేరే చెప్పాలా.

ఎవరికి చెప్పాలన్నది ఆమె నిర్ణయం కావాలి, మన ఇళ్లలో అది కావడం లేదు. రిపోర్టు రాకముందే ఫొటో తీసి అమెరికాలో ఉన్న తమ్ముడికి, అక్కడి నుంచి అతనికి తెలిసిన డాక్టరుకు, బంధువుల వాట్సాప్ గ్రూపుకు వెళ్లిపోతుంది. సాయంత్రానికి పరామర్శలు మొదలవుతాయి. ఎవరో ఒకరు తమకు తెలిసినావిడ ఎలా పోయిందో చెప్పకుండా లేవరు. వెంట వచ్చే మనిషి ఒకరు, కబురు చెప్పే మనిషి ఒకరు అని ముందే అనుకుంటే, మిగతావారికి ఫలితం వచ్చాక చెప్పుకోవచ్చు.

ల్యాబులు ఇప్పుడు రిపోర్టును ఫోనుకే పంపుతున్నాయి. రాత్రి పదింటికి పీడీఎఫ్ వస్తే డాక్టరు దొరికేది మర్నాడు. ఆ నడుమ గూగుల్ చెప్పేదాంట్లో సగం ఆమెకు వర్తించదు. "ట్రిపుల్ నెగెటివ్" (ఈఆర్, పీఆర్, హెర్2 మూడూ లేవని) అని చూసి బతికిపోయామనుకుని స్వీట్లు పంచుదామనుకునేవాళ్లు కూడా ఉంటారు, తీరా అది మందులకు లొంగించడం కష్టమైన రకం. డాక్టరును కలిసే రోజు తెలిస్తే, ఆ ఫైలును అప్పటిదాకా తెరవకుండా ఉంచడం కొందరికి సుఖం. తెరవకుండా ఉండలేనివారు పగటిపూట, పక్కన మనిషి ఉండగా తెరవడం మేలు.

ఇంకో ఆచారం ఉంది. డాక్టరు గది ముందు కొడుకో భర్తో ముందుగా లోపలికెళ్లి "ఆమెకు చెప్పకండి" అని బతిమాలడం. ప్రేమతోనే అడుగుతారు. కానీ రెడ్ హిల్స్‌లో ఎంఎన్‌జే ముందు ఆటో దిగిన మనిషికి అది ఏ ఆసుపత్రో ఒకరు చెప్పాలా? ఆమెకు తెలుసు, తెలుసని వాళ్లకు తెలియకూడదని ఆమె కూడా నటిస్తుంది. చివరికి భయాన్ని ఎవరితో పంచుకోవాలో ఆ ఇంట్లో ఎవరికీ తెలియకుండా పోతుంది. కీమో మొదలయ్యాక, జుట్టు రాలడం మొదలయ్యాక ఈ దాపరికం ఎలాగూ నిలవదు. బయాప్సీకి వెళ్లే రోజే "ఫలితం నాకే చెప్పండి" అనో, "మా అమ్మాయికి చెప్పండి, ఆమె నాకు చెబుతుంది" అనో ఆమే డాక్టరుతో అనేస్తే ఆ బతిమాలటకు తావుండదు. రోగి అడిగితే 72 గంటల్లోగా వైద్య రికార్డులు ఇవ్వాలని వైద్య మండలి 2002 నియమావళి చెబుతోంది.

రిపోర్టు వచ్చాక

క్యాన్సర్ అని వస్తే మళ్లీ ఆగాల్సింది ఉంటుంది: హార్మోన్ గుర్తులు, ఇంకెక్కడికైనా పాకిందేమో చూసే స్కానింగులు, ముందు ఆపరేషనా ముందు కీమోనా అన్న నిర్ణయం. ఈ కాలం విచిత్రంగా చాలామందికి ముందటి వారం కంటే భరించగలిగేలా ఉంటుంది, శత్రువు పేరు తెలిసింది కాబట్టి. రెండో అభిప్రాయం కావాలనుకుంటే కాగితాలు ఒక్కటే చాలవు, ల్యాబ్ నుంచి స్లైడ్లు, బ్లాక్ అడిగి తీసుకెళ్లాలి. వాటిని మరో పాథాలజిస్టు చూడటానికి మళ్లీ సూది గుచ్చనక్కర్లేదు.

క్యాన్సర్ కాదని వస్తే ఇంట్లో పండగే, ఫైలు బీరువాలోకి వెళ్లిపోతుంది. స్కానింగ్‌లో గట్టి అనుమానం ఉండి ముక్కలో ఏమీ లేదని వస్తే మాత్రం డాక్టరు మళ్లీ బయాప్సీ అడగవచ్చు, సూది పక్కకు వెళ్లి ఉండొచ్చు కాబట్టి. బైరాడ్స్ మూడు వచ్చినవారికి ఆరు నెలలకు, ఏడాదికి, రెండేళ్లకు మళ్లీ స్కానింగ్ ఉంటుంది. మొదటిసారి పరుగున వెళ్లినవారే ఈ తేదీలు మరిచిపోతారు, భయం పోయింది కదా. వెళ్లేటప్పుడు పాత ఫిల్ములు తీసుకుని, వీలైతే అదే సెంటర్‌కు వెళ్లడం మంచిది. సెంటర్ మారి, పాతవి లేకపోతే, కొలతలో వచ్చిన రెండు మిల్లీమీటర్ల తేడా గడ్డదో, యంత్రానిదో, చూసిన మనిషిదో తేల్చలేక మళ్లీ సూది దాకా వెళ్లాల్సి రావచ్చు.